ముఖానికి కొలిచిన వెలుతురు

హెన్రీ కెమెరా మీది చక్రాన్ని పుష్పకుమారి మొదటిసారి తిప్పింది వంటింట్లో. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. కెమెరా సంచి గట్టు మీద, ఉల్లిపాయల బుట్ట పక్కన ఉంది. పెరట్లోని స్నానాలగదిలో హెన్రీ చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు ఆగేలోపు పని అయిపోవాలి.

చక్రం మీద నల్లటి కరెంటు టేపు ముక్క అంటించి ఉంది. ఆరేళ్ల కిందట కెమెరా కొన్న రోజున హెన్రీ అంటించిన టేపే. చక్రం పొరపాటున కూడా ఎమ్ అనే అక్షరం దగ్గర్నుంచి కదలకూడదని. ఎమ్ మీద ఉంటే లోపలికి ఎంత వెలుతురు రావాలో తీసే మనిషే నిర్ణయించుకోవాలి. మూడు గళ్ల అవతల పి ఉంది. దాని మీద పెడితే ఆ సంగతంతా కెమెరాయే చూసుకుంటుంది.

పుష్పకుమారి గోటితో టేపు లేపింది. చక్రాన్ని మూడు గళ్లు తిప్పింది. టేపును మళ్లీ అంటించి బొటనవేలితో రుద్దింది. ఆ కాస్తలో పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి.

"ఏందిమే మాడు వాసన?" స్నానాలగదిలోంచి కేకేశాడు హెన్రీ.

"పాలు."

"చూసుకోవద్దా?"

"చూసుకుంటానే ఉండా," అంది పుష్పకుమారి, తడిగుడ్డ తీసుకుని.

విడవలూరు బస్టాండు పక్క సందులో వాళ్లకు ఫోటో స్టూడియో ఉంది. ఇరవై రెండేళ్లుగా చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లు, ఓణీల పండగలు, చర్చి కూటాలు హెన్రీయే తీస్తున్నాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు కెమెరాను ఆటోమేటిక్‌లో పెట్టి టకటకా తీసేస్తుంటే అతనికి నవ్వొచ్చేది.

"దానికేం తెలుసు?" అనేవాడు. "తెల్లచీర చూస్తే బెదిరిపోయి చీకటి చేస్తాది. నల్లకోటు చూస్తే జాలిపడి తెల్లగా చేస్తాది. మనిషి మొకం యాడుందో దానికి తెలవదు. అది తెలిసేది మనకే."

ముఖానికి వెలుతురు కొలవడానికి అతనికి కావలసింది భార్య అరచేయి. పెళ్లికూతురు పీటల మీద కూర్చోగానే పుష్పకుమారి వెళ్లి ఆ పిల్ల చెంప పక్కన తన అరచేయి తెరిచి పట్టుకునేది. హెన్రీ జూమ్ లాగి, కెమెరాలో ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనపడకుండా చేసుకుని, లోపల ఉండే సన్నటి కొలతగీతనూ దాని కింద కదిలే ముల్లునూ చూసి, ముందు చక్రం ఒకసారి, వెనక చక్రం ఒకసారి తిప్పేవాడు. "చేతికి కొలిచి, ఒక స్టాపు ఎక్కువ," అని తనలో తనే అనుకునేవాడు. స్టాపు పెంచడమంటే వెలుతురును రెట్టింపు చేయడం. మనుషులు ఏ రంగు వాళ్లయినా అరచేతులు మాత్రం ఇంచుమించు ఒక్కటే వెలుగుతో ఉంటాయని అతని నమ్మకం. పెళ్లికొచ్చిన ఆడవాళ్లు ఆమెను చూసి, "పుష్పక్క దీవించిందాక తాళి కట్టేది లేదు," అని నవ్వేవాళ్లు.

ఆ ఏడు దసరా దాటాక ఏదో తేడా వచ్చింది. మొదట దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. ఇందిరమ్మ అనే రైతు ఇల్లాలు తన మనవరాలి ఓణీల పండగ ఆల్బం తీసుకోవడానికి స్టూడియోకి వచ్చి, మొదటి పేజీ తిప్పగానే మురిసిపోయింది.

"మా బిడ్డ ఎంత తెల్లగా పడిందో చూడు పుష్పా! ఇన్నాళ్లూ ఎవురూ ఇట్టా తీయలా. మా వియ్యపురాలికి ముందు చూపించాల."

"మొకంలో కళ ఉండాది ఇందిరమ్మా, అందుకే," అన్నాడు హెన్రీ గర్వంగా.

ఆల్బం పేజీలు కంప్యూటరు మీద కూర్చింది పుష్పకుమారే. పట్టుపావడా జరీ అంతా తెల్లటి మరకైపోయిందనీ, పాపిటబిళ్ల నుదుటిలో కలిసిపోయి కనపడటం లేదనీ ఆమెకు తెలుసు. ఆల్బాన్ని సంచిలో పెట్టి ఇచ్చింది. అమ్మేవాడికీ కొనేవాడికీ లేని బాధ తనకెందుకు అనుకుంది.

తరువాత కావలిలో వెంకటేష్ అనే ఎరువుల వ్యాపారి కొడుకు పుట్టినరోజు. ఈసారి ఫోటోలు చీకటిగా వచ్చాయి. ఆయన ఫోన్ చేసి, "అన్నా, కొవ్వొత్తి బ్రహ్మాండంగా వచ్చింది. మావాడు యాడున్నాడో కాస్త చెప్పు," అన్నాడు. హెన్రీ ఫ్లాష్‌ను తిట్టాడు. బ్యాటరీని తిట్టాడు. హాల్లో లైట్లు సరిగా లేవన్నాడు.

అప్పట్నుంచి పుష్పకుమారి అతన్ని గమనించడం మొదలుపెట్టింది. టీ గ్లాసులో పోస్తుంటే అంచు మీద పడుతోంది. చర్చిలో పాటల పుస్తకం తెరిచే పట్టుకుంటున్నాడు కానీ, పేజీ తిప్పకుండానే పాడుతున్నాడు. బండి మీద వెళ్తుంటే స్పీడుబ్రేకరు మీదికి ఎక్కాకనే బ్రేకు వేస్తున్నాడు. ఏదైనా చూడాల్సి వస్తే తల కొంచెం పక్కకి వంచుతున్నాడు. మెడ పట్టేసిందంటాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఫోటో తీసిన ప్రతిసారీ ఆమెవైపు కెమెరా చాపి "ఎట్టుంది?" అని అడుగుతున్నాడు. ఇరవై రెండేళ్లలో హెన్రీ ఆ మాట ఎవరినీ అడగలేదు.

అతనికి పదకొండేళ్లుగా షుగరు. రెండేళ్ల కిందట నెల్లూరు కంటి ఆసుపత్రిలో ఒక చిన్నవయసు డాక్టరమ్మ చూసి, కంటి వెనక పొర మీద సన్నటి రక్తనాళాలు కారడం మొదలైందని చెప్పింది. ఆరునెలలకొకసారి తప్పకుండా రమ్మంది. హెన్రీ బయటికి నడిచాక పుష్పకుమారిని ఆపి, "చూడండమ్మా, ఇందులో పోయిన చూపు వెనక్కి రాదు. ఉన్నది పోకుండా చూసుకోవడమే. ఆలస్యం చెయ్యనివ్వొద్దు," అంది. హెన్రీ ఆ తరువాత ఒక్కసారి వెళ్లాడు, అంతే.

కావలి ఫోను తరువాత మాత్రం, జనవరి మొదటి వారంలో వెళ్దామని ఒప్పుకున్నాడు. అప్పటికి డిసెంబరులో మూడు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నారు. అందుకే పుష్పకుమారి వంటింట్లో టేపు లేపింది. జనవరిదాకా. అంతవరకే. ఆడపిల్లల పెళ్లి ఫోటోలు పాడుకాకూడదు, మొగుడి పేరు పాడుకాకూడదు. ఆసుపత్రికి వెళ్లొచ్చాక మళ్లీ తిప్పేస్తే ఎవరికీ తెలియదు.

పి మీద పెట్టినా చక్రాలు తిరుగుతాయి. హెన్రీ ఎప్పటిలాగే జూమ్ లాగి ఆమె అరచేతిని చూసేవాడు, చక్రం తిప్పేవాడు, లోపల అంకెలు మారేవి. ఒక అంకె పెరిగితే ఇంకొకటి తగ్గి, వెలుతురు మాత్రం కెమెరా అనుకున్నంతే పడేది. అతను ఏమీ కనిపెట్టలేదు. ఆమె ఎందుకూ పనికిరాని అరచేతిని పెళ్లికూతుళ్ల చెంపల పక్కన పట్టుకుని నిలబడేది.

ఫోటోలు బాగా వచ్చాయి. గొప్పగా కాదు, బాగా. కొత్త సంవత్సరం ఆరాధన అయిన మరునాడు, పుష్పకుమారి ఆసుపత్రి ఫైలు వెతికి బల్ల మీద పెడితే హెన్రీ దాన్ని తీసి బీరువా మీద పడేశాడు.

"ఇంక దేనికి?" అన్నాడు. "మూడు పెళ్లిళ్లు చూసినావు గదా. ఒక్క ఫోటో పోయిందా? కన్ను బాగలేనోడు తీసేటివా అయి? ఆ ఫ్లాష్‌దే తప్పు. నేను అప్పుడే చెప్పినా, నువ్వు విన్లా."

అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ హెన్రీ ఆ పూట ఎంత సంతోషంగా ఉన్నాడంటే, చాన్నాళ్ల తరువాత తనే లేచి టీ పెట్టాడు. అంచు మీద ఒలికిన టీని గమనించకుండానే గ్లాసు ఆమెకు అందించాడు. ఆమె అంచు తుడుచుకుని తాగింది.

తన మంచితనమే అతన్ని ఆసుపత్రికి వెళ్లకుండా ఆపుతోందని ఆమెకు ఆ రోజే అర్థమైంది. చక్రాన్ని వెనక్కి తిప్పితే అతనికి తెలిసొస్తుంది. రెండుసార్లు టేపు మీద గోరు పెట్టింది కూడా. కానీ ప్రతిసారీ ఎదురుగా ఎవరో ఒకరింటి పెళ్లి ఉండేది. పరాయి పిల్ల పెళ్లి ఫోటోలు తగలబెట్టి మొగుడికి బుద్ధి చెప్పడం ఆమెకు చేతకాలేదు. సంక్రాంతి పోయింది, మాఘమాసం ముహూర్తాలు పోయాయి, ఎండాకాలం వచ్చింది.

వాళ్లకు ఒక్కతే కూతురు, ఫేబీ. కావలిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఏప్రిల్ చివరి ఆదివారం రామతీర్థం దగ్గర సముద్రంలో బాప్తిస్మం తీసుకుంటానని పాస్టరుగారికి పేరిచ్చింది. ఊళ్లో ఉన్న నీళ్లతొట్టిలో వద్దు, సముద్రంలోనే కావాలంది. ఫోటోలు డాడీయే తీయాలంది.

శనివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిన్న కంచం ముందే కూర్చుని కెమెరా చేతిలోకి తీసుకుంది. గుమ్మంలో పడుకున్న పిల్లిని ఒకటి తీసింది. కెమెరాను తిప్పి చూసింది. టేపు అంచు కింద నుంచి చూసింది.

"అమ్మా, ఇది పి లో ఉంది."

హెన్రీ ముందుగదిలో కునుకు తీస్తున్నాడు. పుష్పకుమారి నోటి మీద వేలు పెట్టి, పిల్లను పెరట్లోకి తీసుకుపోయి, అంతా చెప్పింది.

ఫేబీ అంట్ల గోలెం అంచు మీద కూర్చుని విన్నది. "అయితే రేపు నేను బొగ్గు," అంది. "పొద్దు సముద్రంలోంచే గదా వచ్చేది. వెనకంతా వెలుగు, ముందు మొకం. తెల్లబట్టలు. పి లో తీస్తే నేనెవరో నాకే తెలవదు."

"ఎమ్ లో పెడితే మీ నాయనకి ముల్లు కనపడదు."

"ఫోటో పోతే పోనీలే అమ్మా. నాలుగు నెలలు! డాక్టరమ్మ ఏం చెప్పిందో నువ్వే నాకు చెప్పినావు."

"నువ్వు చెప్పు ఆయనకి. నీ మాటంటే వింటాడు."

"నేను తిప్పలా," అంది ఫేబీ. తల్లి ముఖం చూసి మళ్లీ మెత్తబడింది. "నువ్వు చెప్తేనే బాగుంటాది. నేను చెప్తే ఇద్దరం కలిసి ఆయన్ని ఆడించినట్టు ఉంటాది."

చెప్తానంది పుష్పకుమారి. సాయంత్రం చేపలపులుసు దగ్గర చెప్పాలనుకుంది. హెన్రీ కూతురికి ముల్లు తీసి పెట్టబోయి, ముల్లుతో పాటే ముక్క పెట్టాడు. ఫేబీ నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టుకుంది. తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అయినా పుష్పకుమారి చెప్పకుండానే కంచాలు తీసింది.

ఆదివారం ఏడు గంటలకల్లా సంఘమంతా రామతీర్థం ఒడ్డున ఉంది. పొద్దు నీళ్ల మీదికి బారెడు ఎక్కి, ఇసుకా నీళ్లూ కళ్లలో గుచ్చుకునేలా మెరుస్తున్నాయి. అవతల పడవల నీడలో జాలర్లు వలలు విప్పుకుంటూ ఈ తెల్లబట్టల వాళ్లను వేడుకగా చూస్తున్నారు. బాప్తిస్మం తీసుకునేవాళ్లు ఏడుగురు. ఫేబీ చివర. పాస్టరు సమాధానంగారు నడుములోతు నీళ్లలో నిలబడి ఉన్నారు. ప్రార్థన మధ్యలో ఫ్లాష్ వెయ్యొద్దని ఆయన ముందే చెప్పారు.

మొదట రెబెక్కమ్మ దిగింది. డెబ్బై ఏళ్లావిడ, నిరుడే ఆరాధనకు రావడం మొదలుపెట్టింది. అల మోకాలికి తగలగానే పాస్టరుగారి చొక్కా పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో అయ్యా. నాకు ఈత రాదు."

"ఈతతో పని లేదమ్మా," అన్నారు పాస్టరుగారు.

"నీకు వచ్చా?"

ఒడ్డున అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆవిడను ముంచి లేపారు. హెన్రీ ఒడ్డున మోకాళ్ల మీద కూర్చుని నాలుగు ఫోటోలు తీసి, కెమెరాను పుష్పకుమారి వైపు చాపాడు.

"ఎట్టుంది?"

ఆమె తెర మీద పైటకొంగు కప్పి చూసింది. సముద్రం వెండిలా ఉంది. తెల్లచీర బూడిదరంగులో ఉంది. ఆ చీర పైన రెబెక్కమ్మ ముఖం ఉండాల్సిన చోట నల్లటి ముద్ద ఉంది. నవ్విందో ఏడ్చిందో కూడా తెలియదు.

"మొకం నల్లగా పడింది," అంది.

"ఎదురెండ గదా." అతను చక్రం తిప్పాడు. రెండోవాణ్ణి ముంచుతుంటే తీశాడు. "ఇప్పుడు?"

"అట్నే ఉంది."

మళ్లీ తిప్పాడు. మూడో మనిషి. "ఇప్పుడు?"

"అట్నే ఉంది."

"మూడు స్టాపులు పెంచినా గదమే! అట్నే ఎట్టుంటాది? సరిగా చూడు."

"పెరగదయ్యా," అంది పుష్పకుమారి. "నువ్వు ఎంత తిప్పినా పెరగదు. అది పి లో ఉండాది."

హెన్రీ ఆమెవైపు తిరిగాడు.

"నేనే తిప్పినా. డిసెంబరులో, మొదటి పెళ్లికి ముందు."

అతను టేపు పీకాడు. చక్రాన్ని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరికి. తల పక్కకు వంచి చూశాడు. చివరికి బొటనవేలితో తడిమాడు, అక్షరం చేతికి తగులుతుందేమోనన్నట్టు. నాలుగో మనిషి తడిబట్టలతో ఒడ్డుకొస్తుంటే అందరూ పాట ఎత్తుకున్నారు.

"ఎన్ని పెళ్లిళ్లు?" అన్నాడు.

"తొమ్మిది."

"అయి నేను తీసినయి కావా?"

"తీసింది నువ్వే. వెలుతురు దానిది."

"మరి నువ్వు చెయ్యెందుకు పెట్టినావు? తొమ్మిది పెళ్లిళ్లలో పెళ్లికూతురి పక్కన పోయి చెయ్యెందుకు పట్టుకున్నావు?"

పుష్పకుమారి తన అరచేతిని చూసుకుంది. "ఆసుపత్రికి పోయిందాకే అనుకున్నా. నువ్వు పోలా," అంది.

హెన్రీ మెడలోంచి కెమెరా పటకా తీశాడు. కెమెరాను ఆమె చేతుల్లో పెట్టాడు. "అన్నీ తెలిసినదానివి గదా. తియ్యి," అని ఇసుకలో నడుచుకుంటూ పడవలవైపు వెళ్లిపోయాడు. దారిలో లంగరు తాడు కాలికి తగిలి తూలాడు. ఒక జాలరి లేవబోయాడు. హెన్రీ చెయ్యి ఊపి అతన్ని కూర్చోమని, తనూ పడవ అంచు మీద సముద్రానికి వీపుపెట్టి కూర్చున్నాడు.

పుష్పకుమారికి ఏడవడానికి కూడా తీరిక లేదు. ఐదో మనిషిని ముంచారు. ఆరో మనిషి దిగుతుంటే ఫేబీ కూడా వెనకే నీళ్లలోకి నడిచింది. ఆమె చక్రాన్ని ఎమ్ దగ్గరికి తిప్పింది. హెన్రీ కెమెరాలను ఇన్నేళ్లూ తుడిచింది, మోసింది, బ్యాటరీలు మార్చింది, కంటికి ఆనించుకుని తీసింది మాత్రం లేదు. లోపల కొలతగీత కింద ముల్లు కనపడింది. దాన్ని దేనికి కొలవాలి? ఒడ్డు మీద నుంచి చూస్తే ఫేబీ వేలెడంత ఉంది. చుట్టూ అంతా మెరుపే.

ఆమె చెప్పులు విడిచి, కెమెరాను తల ఎత్తున పట్టుకుని, చీరతోనే నీళ్లలోకి దిగింది. అల వచ్చి కుచ్చిళ్లు లాగింది. "సిస్టర్, యాడికి? జాగ్రత్త!" అని ఎవరో అరిచారు. ఫేబీకి నాలుగు బారల దూరందాకా వెళ్లి నిలదొక్కుకుంది.

తండ్రి పడవలవైపు వెళ్లడం ఫేబీ చూసింది. తల్లి కెమెరాతో రావడమూ చూసింది. పాస్టరుగారి పక్కకు చేరుకుంది. కుడిచెయ్యి ఎత్తి, అరచేతిని తెరిచి, చెంప పక్కన పెట్టుకుని తల్లివైపు తిప్పింది.

"స్తోత్రం!" అన్నారు ఒడ్డున ఆడవాళ్లు. ఆత్మ దిగొచ్చి పిల్ల చెయ్యెత్తిందనుకున్నారు. "హల్లెలూయా!" అంది తడిచీరలో వణుకుతున్న రెబెక్కమ్మ అందరికంటే గట్టిగా. పాస్టరుగారు ఆ చెయ్యి చూసి కదిలిపోయి, కళ్లు మూసుకుని, రెండు మాటల్లో ముగించాల్సిన ప్రార్థనను సాగదీశారు.

అదే దక్కిన సమయం. పుష్పకుమారి జూమ్ లాగి ఆ అరచేతిని పట్టుకుంది. చక్రం తిప్పింది. ముల్లు ఎటో పోయింది. ఇటు తిప్పింది. సున్నా దగ్గరికొచ్చింది. ఒక స్టాపు ఎక్కువ. ఇంకొంచెం తిప్పి ఆపింది. ఆకాశమంతా తెల్లగా కాలిపోతుందని తెలుసు. తెల్లచీర మడతలు కూడా పోతాయి. పోనీ.

ఫేబీ చెయ్యి దించింది. పుష్పకుమారి ఒకటి తీసింది. పాస్టరుగారు పిల్ల వీపు కింద చెయ్యి వేసి వెనక్కి వాల్చారు. అప్పుడు తీసినదాంట్లో ఆయన మోచేయీ నురగా తప్ప ఏమీ లేవు. మళ్లీ లేపినప్పుడు ఫేబీ నోరు తెరిచి, కళ్లు గట్టిగా మూసుకుని, జుట్టంతా బుగ్గలకు అతుక్కుని, ఊపిరి కోసం పైకి చూసింది. అప్పుడు ఒకటి. వెంటనే అల వచ్చింది. ఆమె కెమెరాను పైకెత్తేసింది.

ప్రార్థనలు అయ్యాక పాస్టరుగారు అందరికీ టీలు పోయిస్తున్నారు. ఫేబీ తువ్వాలు చుట్టుకుని తల్లి పక్కన నిలబడి, పళ్లు కొట్టుకుంటుంటే, "డాడీ దగ్గరికి నువ్వు పో," అంది. "నేనొస్తే మళ్లీ పిల్ల ముందు బింకం పోతాడు."

పుష్పకుమారి పడవ దగ్గరికి వెళ్లింది. జాలరి తన వల తీసుకుని కొంచెం అవతలికి జరిగాడు. ఆమె తడిచీర పిండుకుని, పడవ నీడలో హెన్రీ పక్కన కూర్చుని, తెర మీద ఫోటో తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

హెన్రీ అరచేతులు చొక్కాకు తుడుచుకున్నాడు. తరువాత తీసుకుని, తల పక్కకు వంచి, తెరకు ఒక మూల నుంచి చూశాడు. ఇంకో మూల నుంచి చూశాడు.

"ఆకాశం కాలిపోయింది," అన్నాడు.

"పోయింది."

"చీర అంచు కూడా పోయింది."

"ఊఁ."

"మొకం వచ్చిందా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను ఎత్తిపొడవడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"వచ్చింది. నీళ్లు కారతా ఉండాయి. కళ్లు మూసుకుని ఉండాది. నీ పోలికే."

"చుట్టూ కనపడతాంది నాకు," అన్నాడు హెన్రీ. "జుట్టు కనపడతాంది. అయ్యగారి చెయ్యి కనపడతాంది. నడిమధ్యలో, యాడ చూస్తే ఆడ, ఒక మచ్చ వచ్చి కూర్చుంటాంది. మొకం మీదనే వచ్చి కూర్చుంటాంది."

"ఎప్పట్నుంచి?"

"దసరా నుంచి."

పుష్పకుమారి తల వంచుకుంది. "నాతో అనలేదే?"

"అందామనే అనుకున్నా. జనవరిలో ఆసుపత్రికి వస్తానని ఒప్పుకుంది అందుకే గదా. తర్వాత మూడు పెళ్లిళ్లు బాగా వచ్చె. మచ్చుంటే ఫోటోలు ఇట్టా ఎట్టా వస్తాయి అనుకున్నా. మచ్చ అబద్ధం, ఫోటో నిజం అనుకున్నా."

అతను ఆ మాట తప్పు పట్టడానికి అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది. చేతి మీద ఇసుక దులుపుకుంటూ, "రేపు పోదాం," అంది.

"రేపు సోమవారం. జనం ఉంటారు."

"ఉండనీ."

ఆసుపత్రి వరండాలో నిజంగానే జనం ఉన్నారు. నర్సు హెన్రీ కళ్లలో మూడుసార్లు మందు వేసి, కనుపాపలు పెద్దవి కావాలి, కళ్లు మూసుకుని కూర్చోమంది. రెండేళ్ల కిందటి డాక్టరమ్మే చూసింది. పాత కాగితాలు తిరగేసి, అద్దంలోంచి ఒక కన్ను, తరువాత రెండో కన్ను చాలాసేపు చూసింది. కంటి వెనక భాగం ఫోటోలు తీయించింది.

"కుడికంటికి బాగా ఆలస్యమైంది," అంది. "ఇంజెక్షన్లు వేస్తాం, నెలకొకటి. మచ్చ కొంత తగ్గొచ్చు, తగ్గకపోనూవచ్చు. మాటివ్వలేను. ఎడమది ఇప్పుడు మొదలుపెడితే నిలబడుతుంది. ఇన్ని నెలలు ఎందుకు రాలేదు?"

"నేనే..." అంది పుష్పకుమారి.

"నేను రాలా," అన్నాడు హెన్రీ అదే క్షణంలో.

డాక్టరమ్మ ఇద్దరినీ చూసి, కాగితం మీద బుధవారం తారీకు వేసింది. మొదటి ఇంజెక్షను పొద్దున్నే. మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చు, కంటికి గంత ఉంటుంది.

బయట బెంచీ మీద మందుల చీటీ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. తెరుచుకుపోయిన కనుపాపలతో హెన్రీకి వరండా వెలుతురే భరించరానిదిగా ఉంది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. పుష్పకుమారి కొంగు తీసి ఇస్తే తలమీద వేసుకున్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన చూసి నవ్వాడు. హెన్రీ పట్టించుకోలేదు.

"బుధవారం సాయంత్రం పెంచల్‌గారింట్లో నిశ్చితార్థం ఒప్పుకున్నాం గదా," అన్నాడు కొంగులోంచే.

"వేరేవాళ్లని చూసుకోమని చెప్తా."

"ఎందుకు? నువ్వు పో."

"నేనా?"

"నీళ్లలో నిలబడి తీసినదానివి, నేల మీద తీయలేవా? నేనూ వస్తా. గంత కట్టుకునే వస్తా. జనాన్ని వరసలో నిలబెట్టేదానికి కన్నెందుకు, గొంతు చాలు."

పుష్పకుమారి ఆ చోటును తలుచుకుంది. పెంచల్‌గారి ఇల్లు, ముందు హాలు, గోడలకు నాలుగు ట్యూబులైట్లు. "దేంట్లో పెట్టి తీసేది?" అంది.

హెన్రీ తలమీది కొంగు సర్దుకున్నాడు.

"పి లో పెట్టు," అన్నాడు చివరికి. "ఆ హాల్లో అంతా ఒకటే వెలుతురు. అది దానికి తెలిసిన పనే, చేసుకోనీ. తెల్లచీర కట్టుకున్నావిడ ఎవురన్నా ముందుకొస్తే మాత్రం నాకు చెప్పు. ఇద్దరం చూసుకుందాం."

లోపలి నుంచి నర్సు హెన్రీ పేరు పిలిచింది. పుష్పకుమారి ఫైలు చంకలో పెట్టుకుని లేచి, అతని మోచేయి పట్టుకుంది. "గడప ఉండాది," అంది. అతను కాలెత్తి దాటాడు.